గోదావరి డెల్టాలో మెదడు పరిశోధన: జీబ్రా చేప పిల్లల మీద ఫిట్స్ మందుల పరీక్ష, నీళ్ల దగ్గర నుంచి

భీమవరం నుంచి ఉండి వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా చెరువులే. ఆ చెరువుల మధ్య పెరిగి, బయట న్యూరోసైన్స్ చదువుకుని, మళ్లీ ఈ ప్రాంతానికే ఒక చిన్న బయోటెక్ కంపెనీలో ఉద్యోగానికి వచ్చాను. ఇక్కడ నా పని ఒక్కటే. ఫిట్స్ తగ్గించే గుణం ఏ పదార్థంలో ఉందో జీబ్రా చేప పిల్లల మీద పరీక్షించి చెప్పాలి. పీజీనో పీహెచ్‌డీనో పూర్తి చేసి ఇలాంటి చిన్న ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు "ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతుంటారు. నేను చేరిన మొదటి ఏడాది ఎవరైనా చెప్పి ఉంటే ఎంతో శ్రమ తప్పేదనిపించిన సంగతులన్నీ వాళ్ల కోసం వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇందులో నీళ్ల గురించి ఎక్కువ ఉంటుంది, మెదడు గురించి తక్కువ ఉంటుంది. చేప పిల్ల నీళ్లలో పడుకుని, ఆ నీళ్లనే మింగుతూ, వాటిలో నుంచే ఊపిరి తీసుకుంటుంది. నీళ్లలో ఏది కలిసినా దాని మెదడుకు చేరుతుంది. నీళ్లు నిలకడగా లేకపోతే మీరు కొలిచేది మందు పనితనం కాదు, ఆ రోజు నీళ్లు ఎలా ఉన్నాయన్నదే.

ఈ చేపే ఎందుకు

జీబ్రా చేప మన ఉపఖండానిదే. నెమ్మదిగా పారే నీళ్లు, వరి పొలాలు, నీటి గుంటలు దాని సొంత ఇల్లు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా నది చేపల గురించి రాస్తూ దీన్ని మొదటిసారి వర్ణించాడు. ల్యాబ్‌లో నిలబెట్టినవాడు అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ స్ట్రైసింగర్. 1981లో ఆయన వేసిన పేపర్‌తో దీని దారి మారింది. 2013లో పూర్తి జీనోమ్ వచ్చాక, మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఈ చేపలో కనీసం ఒక సరిజోడు జన్యువు ఉందని తేలింది.

మనకు కావలసిన లక్షణాలు ఇంకో మూడున్నాయి. పిల్ల ఒళ్లంతా పారదర్శకంగా ఉంటుంది. దాని మెదడులో సుమారు లక్ష న్యూరాన్లుంటాయి. ఒక్కో పిల్ల 96 గుంటల ప్లేటులో ఒక్కో గుంటలో సరిపోతుంది. ఎలుకల మీద నెలలు పట్టే వడపోత ఇక్కడ వారాల్లో అవుతుంది. చిన్న ఊళ్లో, చిన్న బడ్జెట్‌తో న్యూరోసైన్స్ చేయాలంటే ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు.

మొదటి మెట్టు: ప్రశ్నను చిన్నది చేయండి

"ఈ మొక్క రసం ఫిట్స్ తగ్గిస్తుందా?" అన్నది ప్రశ్న కాదు, ఆశ. "6 రోజుల వయసు పిల్లల్లో పీటీజెడ్ వల్ల వచ్చే ఫిట్స్‌ను, ఈ పదార్థం ఈ మోతాదులో ఆలస్యం చేస్తుందా?" అన్నది ప్రశ్న. పీటీజెడ్ అంటే పెంటిలీన్‌టెట్రజోల్. మెదడును అదుపులో ఉంచే గాబా అనే సంకేతానికి అడ్డుపడి ఫిట్స్ తెప్పించే రసాయనం. 2005లో స్కాట్ బారాబాన్ బృందం ఈ పరీక్షను జీబ్రా చేప పిల్లల్లో చేసి చూపించింది. అదే బృందం 2013లో డ్రావే సిండ్రోమ్ అనే తీవ్రమైన ఫిట్స్ జబ్బుకు సంబంధించిన మ్యూటెంట్ చేపల్లో మందుల్ని జల్లెడ పట్టి, క్లెమిజోల్ అనే పాత అలర్జీ మందు పనిచేస్తోందని గుర్తించింది.

అందరూ పడే గుంట ఒకటుంది. పిల్ల కదలకుండా ఉందంటే ఫిట్స్ తగ్గాయని కాదు. మత్తుగా ఉండొచ్చు, కండరాలు పట్టుకుపోయి ఉండొచ్చు, చావుకు దగ్గరపడి ఉండొచ్చు. కాబట్టి "కదలిక తగ్గింది" అన్న ఒక్క అంకె మీద రిపోర్టు ఎప్పుడూ రాయొద్దు. సన్నటి సూదితో తోక తాకితే ఉలిక్కిపడుతోందా, గుండె సరిగా కొట్టుకుంటోందా అన్న రెండూ ప్రతిసారీ చూడాలి.

రెండో మెట్టు: అనుమతులు

1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో జంతువు అంటే మనిషి కాని ప్రతి ప్రాణీ. అందులో చేపా ఉంది. మీ సంస్థకు సీసీఎస్ఈఏ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ కమిటీ) దగ్గర రిజిస్ట్రేషన్, సంస్థలో జంతు నైతిక కమిటీ ఉన్నాయో లేదో చేరిన వారంలోనే కనుక్కోండి. యూరప్ నిబంధనల్లో పిల్ల సొంతంగా తిండి తినే దశకు చేరాకే, అంటే దాదాపు 5 రోజులు దాటాకే, అనుమతి అవసరమవుతుంది. దాన్ని చూసి ఇక్కడ కూడా అంతేనని అనుకుని మొదలుపెట్టేయకండి. ఏ వయసు పిల్లలైనా సరే కమిటీ ముందు పెట్టి, రాతపూర్వకంగా ఒప్పించుకోవడమే మంచిది. చట్టం మాట పక్కన పెట్టినా, ప్రయోగం అయిపోయాక ఆ ప్రాణిని బాధ లేకుండా ఎలా పంపాలి, ట్రైకైన్ మత్తు ఎంత ఇవ్వాలి అన్న ప్రశ్నలకు ముందే జవాబు రాసుకున్నవాడి చెయ్యి ఆ రోజు తడబడదు.

మూడో మెట్టు: నీళ్లు

మా బాబాయికి ఆకివీడు దగ్గర చెరువులున్నాయి. నేను ల్యాబ్‌లో ట్యాంకులు పెట్టిన కొత్తల్లో ఒకసారి వచ్చి చూశాడు. నోట్‌బుక్‌లో ఉన్న పీహెచ్ అంకె మీద వేలు పెట్టి, "ఇది ఎన్నింటికి చూసిందిరా?" అని అడిగాడు. టైం రాయలేదన్నాను. "టైం లేని పీహెచ్ ఎందుకురా? మధ్యాహ్నం చూసిన చెరువు వేరు, తెల్లారుజామున చూసిన చెరువు వేరు" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పగలు నాచు కార్బన్ డయాక్సైడ్ పీల్చుకోవడంతో పీహెచ్ పెరుగుతుంది. రాత్రంతా అన్నీ ఊపిరి తీసుకోవడంతో తెల్లారేసరికి ఆక్సిజన్ అడుగంటుతుంది. ల్యాబ్ ట్యాంకులో అంత తేడా ఉండదు గానీ, ఆ రోజు నుంచి నా ప్రతి అంకె పక్కనా గంట ఉంటుంది.

ఇక్కడ దొరికే నీళ్లను ఒక్కొక్కటిగా చూద్దాం. కాలువ నీళ్లు నేరుగా వాడొద్దు. వరి పొలాల నుంచి దిగే నీళ్లలో పురుగుమందులుంటాయి. ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల మధ్య సంకేతాన్ని ఆపే ఎసిటైల్‌కోలిన్ఎస్టరేజ్ ఎంజైమును దెబ్బతీస్తాయి. పైరెత్రాయిడ్ మందులు సోడియం చానళ్లను మూసుకోనివ్వవు. రెండూ మెదడు మీద పనిచేసేవే. మెదడు మందును వెతికేవాడికి ఇంతకంటే ప్రమాదకరమైన నీళ్లుండవు. మున్సిపల్ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. సముద్రానికి దగ్గరైన ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కాబట్టి ఆర్‌ఓ నీళ్లు తీసుకుని, కావలసిన లవణాలను మనమే కలుపుకోవడమే దారి. టిన్నులు తెప్పించుకుంటే ప్రతి టిన్నుకూ టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపేది) పెట్టండి. ఒకే ప్లాంటు నీళ్లైనా మెంబ్రేన్ పాతబడే కొద్దీ అంకె మారుతూ పోతుంది.

పెద్ద చేపల ట్యాంకుకు ఆర్‌ఓ నీళ్లలో అక్వేరియం ఉప్పు, పీహెచ్ నిలకడకు కొంచెం సోడియం బైకార్బనేట్ కలపాలి. కండక్టివిటీ 500 నుంచి 800 మైక్రోసీమెన్స్, పీహెచ్ 7 నుంచి 7.5, వేడి 28.5 డిగ్రీల దగ్గర ఉంచండి. లైట్లు 14 గంటలు వెలగాలి, 10 గంటలు ఆరాలి. టైమరు పెట్టేయండి, మనిషి చేతికి వదలొద్దు.

అమ్మోనియా కొలిచే కిట్లు ఇక్కడి ఆక్వా షాపుల్లో దొరుకుతాయి. కిట్ చూపించే మొత్తం అమ్మోనియాలో విషమైన భాగం ఎంతన్నది పీహెచ్‌ను బట్టి ఉంటుంది. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే అది 1 శాతం లోపే. పీహెచ్ 8 అయితే 6, 7 శాతం. 9 అయితే 40 శాతం దాకా వెళ్తుంది. రొయ్యల రైతులకు కొట్టిన పిండి అయిన ఈ లెక్క మన ల్యాబుల్లో చాలామందికి తెలియదు. కొత్త ట్యాంకు ఫిల్టరులో అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడడానికి కొన్ని వారాలు పడుతుంది. బాస్ ఎంత తొందరపెట్టినా ఈ వారాలు తగ్గించడం కుదరదు. చేరేటప్పుడే ఆయనకు చెప్పేయండి.

గుడ్లకు, పిల్లలకు ఈ3 అనే వేరే నీళ్లుంటాయి. 60 రెట్ల చిక్కటి ద్రావణం లీటరు చేసి పెట్టుకుంటే చాలు. సోడియం క్లోరైడ్ 17.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.76 గ్రాములు, రెండు నీటి అణువులున్న కాల్షియం క్లోరైడ్ 2.9 గ్రాములు, ఏడు నీటి అణువులున్న మెగ్నీషియం సల్ఫేట్ 4.9 గ్రాములు. ఇందులో 16.7 మిల్లీలీటర్లు తీసి లీటరుకు పలచన చేసి, పీహెచ్ 7.2కు తేవాలి. బూజు రాకుండా మొదటి రోజు మిథిలీన్ బ్లూ ఒక చుక్క వేస్తారు. ప్రయోగం రోజు నీళ్లలో మాత్రం అది ఉండకూడదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మేలో ఇక్కడ గది వేడి 28.5 డిగ్రీలకు చాలా పైనే ఉంటుంది. వేడి మాత్రమే చేసే ఇంక్యుబేటరు అప్పుడు దేనికీ పనికిరాదు. చల్లబరచగల బీఓడీ ఇంక్యుబేటరే కొనండి. దానికీ ఎయిర్ పంపులకూ కలిపి ఇన్వర్టర్ పెట్టించండి. కరెంటు పోతే చెరువు గట్టు మీద జనరేటర్ దగ్గరకు రైతు పరిగెత్తడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. మన దగ్గర ఆ పరుగు అవసరం రాకూడదు.

గాలిలో నుంచి వచ్చే విషం

దీన్ని విడిగా రాయడానికి కారణం ఉంది. ఇది నా చేతుల్లో జరిగింది. ఒక సీజన్‌లో మా కంట్రోల్ పిల్లలు, అంటే ఏ మందూ ఇవ్వనివి, ఉండుండి వణకడం మొదలుపెట్టాయి. ప్రశాంతంగా ఉండాల్సిన గీత గ్రాఫ్‌లో ముళ్లకంపలా కనిపించేది. ఈ3 మళ్లీ చేశాం, లవణాల సీసాలు మార్చాం, తల్లి చేపల్ని మార్చాం. రెండు వారాలు పోయాయి. ఒకరోజు రాత్రి దాకా ఉండిపోయాను. ఏడు గంటలకు దోమలు ముసిరాయి. రాత్రి డ్యూటీ అబ్బాయి ఎప్పటిలాగే దోమల లిక్విడ్ ప్లగ్‌లో పెట్టాడు. తలుపులు మూసి ఏసీ నడిచే గది అది.

ఆ లిక్విడ్లలో ఉండేవి పైరెత్రాయిడ్లే. మనిషికి కలిగే హాని తక్కువ గానీ చేపలకు చాలా విషం. పైగా అవి పనిచేసేది సోడియం చానళ్ల మీద. డ్రావే సిండ్రోమ్‌లో దెబ్బతినేదీ ఒక సోడియం చానల్ జన్యువే. ఆ రాత్రే ప్లగ్ తీసేశాం. కిటికీలకు, తలుపుకు సన్నటి దోమ మెష్ కొట్టించాం, అబ్బాయికి దోమతెర ఇచ్చాం. తర్వాతి బ్యాచ్ నుంచి కంట్రోల్ గీత మళ్లీ సాఫీగా వచ్చింది. తప్పు ఆ అబ్బాయిది కాదు, అతనికి ఎవరూ చెప్పలేదు. మీరు చేరిన రోజే వాచ్‌మన్‌కు, ఊడ్చే అమ్మకు, ఏసీ మెకానిక్‌కు కూడా చెప్పండి. దోమల చుట్టలు, బొద్దింకల స్ప్రే, ఫినాయిల్ ఆ గది గడప దాటకూడదు.

నాలుగో మెట్టు: చేపలు, గుడ్లు

పొలం గట్టున బోదెలో చారల చేపలు కనిపిస్తే మనసు లాగుతుంది. ప్రయోగానికి వాటిని పట్టుకురావద్దు. వాటి వంశం తెలియదు, పరాన్నజీవులుంటాయి. ఏబీ, టీయూ లాంటి తెలిసిన రకాలను, వాటిని పెంచుతున్న పరిశోధన సంస్థ నుంచే తెచ్చుకోండి. తెచ్చాక వేరే గదిలో, వేరే వలతో కొన్ని వారాలు క్వారంటైన్‌లో ఉంచండి.

సాయంత్రం జాలీ అడుగున్న పెట్టెలో మగ, ఆడ చేపల మధ్య అడ్డు పెట్టాలి. పొద్దున లైట్లు వెలిగాక అడ్డు తీస్తే గంటలోపే గుడ్లు జాలీ కిందికి జారతాయి. జాలీ లేకపోతే తల్లే గుడ్లు తినేస్తుంది. మంచి ఆడ చేప ఒకసారికి వంద, రెండు వందల దాకా పెడుతుంది. తెల్లబడిన గుడ్లను అదే రోజు ఏరేయండి. ఒక్కటి కుళ్లినా పళ్లెమంతా పాడవుతుంది. రెండో రోజుకూ మూడో రోజుకూ మధ్య పొదుగుతాయి. నాలుగో, ఐదో రోజుకు గాలితిత్తి నిండి పిల్ల నిటారుగా తేలుతుంది. గాలితిత్తి నిండని పిల్లను ప్రయోగానికి తీసుకోకండి. అది సరిగా ఈదలేదు, మీరేమో దాన్ని మందు ప్రభావం అనుకుంటారు.

తిండికి మొదట పారమీషియం అనే ఏకకణ జీవుల్ని, తర్వాత ఆర్టీమియా అనే ఉప్పునీటి సన్న జీవి పిల్లల్ని ఇవ్వాలి. ఆర్టీమియా పొదిగించడం తీరం వెంబడి రొయ్య హేచరీల్లో రోజూ జరిగే పనే. 28 డిగ్రీలు, 25 నుంచి 30 పీపీటీ ఉప్పదనం, గట్టి గాలి ఇస్తే ఒక రోజులో పిల్లలొస్తాయి. హేచరీలో పనిచేసే వాళ్ల దగ్గర రెండు రోజులు నిలబడి నేర్చుకుంటే పుస్తకంలో లేని ఒడుపు వస్తుంది.

ఐదో మెట్టు: ప్లేటు వేసే రోజు

ముందుగా ఎంత మోతాదు వరకు పిల్ల తట్టుకుంటుందో చూసుకోవాలి. ఐదారు మోతాదుల్లో 24 గంటలు ఉంచి, చావు, వంకర ఒళ్లు, తోక తాకినప్పటి ఉలికిపాటు, గుండె వేగం చూడండి. ఏ తేడా లేని అత్యధిక మోతాదే మీ పై హద్దు. నీళ్లలో కరగక డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించే పదార్థమైతే చివరికి గుంటలో డీఎంఎస్‌ఓ 1 శాతం మించకూడదు. నేను 0.5 శాతం దగ్గరే ఆగుతాను. అన్ని గుంటల్లోనూ అంతే ఉండాలి, కంట్రోల్‌లో కూడా.

ప్లేటును 8 గుంపులు చేయండి, గుంపుకు 12 పిల్లలు. డీఎంఎస్‌ఓ మాత్రమే ఒకటి. డీఎంఎస్‌ఓ, పీటీజెడ్ కలిపి ఒకటి. ఫిట్స్ తగ్గిస్తుందని ముందే తెలిసిన మందు సోడియం వాల్‌ప్రోయేట్‌తో పీటీజెడ్ ఒకటి, వాల్‌ప్రోయేట్ మాత్రమే ఒకటి. మీ పదార్థం మూడు మోతాదుల్లో పీటీజెడ్‌తో మూడు. ఎనిమిదోది పై మోతాదు, పీటీజెడ్ లేకుండా. చాలామంది చోటు కోసం వదిలేసేది ఈ ఎనిమిదో గుంపునే. మీ పదార్థం మత్తు మందా, ఫిట్స్ మందా అని చెప్పేది అదొక్కటే. డయాజెపామ్ కూడా ఈ పరీక్షలో పనిచేస్తుంది గానీ, అది మత్తుమందుల చట్టం నియంత్రణలో ఉంది. ఆ కాగితాల టెన్షన్ లేకుండా వాల్‌ప్రోయేట్‌తో మొదలుపెట్టడం సులువు. ఆమ్ల రూపంలో ఉన్న వాల్‌ప్రోయిక్ యాసిడ్ మాత్రం కొనకండి, అది నీటి పీహెచ్‌ను దించేస్తుంది.

గుంపుల్ని వరసలవారీగా పెట్టొద్దు. అంచు గుంటల్లో నీరు త్వరగా ఆరుతుంది, వేడీ తేడాగా ఉంటుంది. కాబట్టి చీటీలు వేసినట్టు చెదరగొట్టండి. గొట్టాలకు అంకెలు వేసే పని పక్క సీటు వాళ్లకివ్వండి. ఏ అంకె ఏ మందో లెక్కలన్నీ పూర్తయ్యే దాకా మీకు తెలియకూడదు.

ఇప్పుడు కలపడం. ఇక్కడ అందరూ ఒకసారైనా తప్పు చేస్తారు. గుంటలో 100 మైక్రోలీటర్లలో పిల్ల, దానితో 10 మైక్రోమోలార్ మందు ఉందనుకోండి. దాని మీద 30 మిల్లీమోలార్ పీటీజెడ్ 100 మైక్రోలీటర్లు పోస్తే పీటీజెడ్ మనకు కావలసిన 15 మిల్లీమోలార్ అవుతుంది. కానీ మందు 5కి పడిపోతుంది. సరిగ్గా ఫిట్స్ మొదలయ్యే క్షణానికి మందు సగమైపోయిందన్నమాట. అందుకే పీటీజెడ్ ద్రావణంలో కూడా అదే 10 మైక్రోమోలార్ మందు, అదే శాతం డీఎంఎస్‌ఓ కలిపి పోయాలి. పీటీజెడ్ లేని గుంపులకు పీటీజెడ్ తప్ప మిగతావన్నీ ఉన్న ద్రావణం పోయాలి. 30 మిల్లీమోలార్‌కు 100 మిల్లీలీటర్లలో 415 మిల్లీగ్రాముల పీటీజెడ్ సరిపోతుంది. అది మనిషికీ ఫిట్స్ తెప్పించేదే. గ్లవ్స్, మాస్కు లేకుండా డబ్బా మూత తీయకండి.

పిల్లల్ని గుంటల్లో వేశాక కెమెరా కింద కనీసం అరగంట సర్దుకోనివ్వండి. పొద్దున్న కంటే మధ్యాహ్నం వాటి కదలిక నిలకడగా ఉంటుంది, అందుకే నేను రెండింటి తర్వాతే మొదలుపెడతాను. లైటు ఒక్కసారిగా ఆరినా, వెలిగినా వాటి నడక మారిపోతుంది. కాబట్టి కింద నుంచి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు, పైన దాన్ని చూడగల కెమెరా ఉండాలి. పీటీజెడ్ పోశాక మొదట పిల్ల చురుగ్గా ఈదుతుంది. తర్వాత సుడిలో పడ్డట్టు గుండ్రంగా తిరుగుతుంది. ఆఖరికి ఒళ్లు బిగుసుకుని కొంకర్లు పోయి పక్కకు ఒరిగిపోతుంది. మూడో దశకు ఎన్ని సెకన్లు పట్టిందన్నది మొత్తం దూరం కంటే నమ్మదగ్గ కొలత. సెకనుకు 30 ఫ్రేముల కెమెరాతో ఈ పనంతా అవుతుంది. మౌత్‌నర్ న్యూరాన్ల వల్ల వచ్చే ఉలికిపాటు వంపు కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది. దాన్ని కొలవాలంటే వందల ఫ్రేముల కెమెరా కావాలి. ఉన్న కెమెరాతో చూడలేనిదాన్ని రిపోర్టులో రాయకండి.

మొక్క రసాలతో పనిచేసేవాళ్లకు

సరస్వతి ఆకు లాంటి వాటి మీద ఇక్కడ ఆసక్తి ఎక్కువ, అది మంచిదే. ఆకును వరి గట్టు మీద నుంచి కోసుకురాకండి. పక్క పొలంలో కొట్టిన మందు దాని మీద ఉంటుంది. రసం రంగు చిక్కగా ఉంటే కెమెరాకు పిల్ల కనపడదు, కదలిక తగ్గినట్టు అంకె వస్తుంది. పిల్ల లేని గుంటలో రసం పోసి ముందే చూసుకోండి. పేటెంట్ ఆలోచన ఉంటే, సదస్సులో పోస్టరు వేయకముందే ప్రొవిజనల్ దరఖాస్తు చేయించండి. పూర్తి వివరాలకు 12 నెలల గడువుంటుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థతో చేయాల్సిన పనేమిటో కంపెనీ లాయరుతో ముందే మాట్లాడించండి.

ఆరో మెట్టు: లెక్కలు, రిపోర్టు

96 పిల్లలు పెట్టారు కాబట్టి ఎన్, అంటే లెక్కలో విడి నమూనాల సంఖ్య, 96 అనుకోకండి. ఒకే తల్లి గుడ్లయితే అవన్నీ తోబుట్టువులే. కనీసం మూడు వేరు వేరు బ్యాచ్‌ల గుడ్లతో, వేరు వేరు రోజుల్లో ప్రయోగం మళ్లీ చేసి, లెక్కల్లో బ్యాచ్‌ను విడిగా చూపించండి. ఏ పిల్లను ఎందుకు తీసేయాలో ప్రయోగానికి ముందే రాసి పెట్టుకోండి. వాల్‌ప్రోయేట్ గుంపులో ఫిట్స్ తగ్గలేదంటే ఆ రోజు ప్లేటు మొత్తం పక్కన పెట్టాలి, మీ పదార్థం ఎంత అందంగా పనిచేసినట్టు కనిపించినా సరే. కొత్తగా చేరినవాళ్లకు ఈ మాట బాస్‌తో అనడం కష్టమే. ప్లేటు చెల్లే షరతులు ఒక కాగితం మీద రాసి, ప్రాజెక్టు మొదట్లోనే ఆయనతో సంతకం పెట్టించుకుంటే ఆ రోజు వాదన ఉండదు.

ప్రవర్తనలో బాగా కనిపించిన పదార్థాన్ని మెదడులో విద్యుత్ సంకేతాలు కొలిచే ల్యాబుకు పంపండి. పిల్లను అగరోజ్ అనే జెల్లీలో కదలకుండా ఉంచి సన్నటి ఎలక్ట్రోడ్‌తో రికార్డు చేస్తారు. అక్కడ కూడా ఫిట్స్ అలలు తగ్గితేనే ఫిట్స్ మందు అన్న మాట వాడండి. అందాకా మా రిపోర్టుల్లో "పీటీజెడ్ కదలికలను ఆలస్యం చేసింది" అనే రాస్తాం.

క్యాలెండరులో ఒక గీత

వేసవిలో ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు మరమ్మతుల కోసం కట్టేస్తారు. ఆ రోజుల్లో ఊళ్ల మంచినీటి చెరువుల్లో నీళ్లు అడుగుకు దిగుతాయి, వాసన మారుతుంది, ఆర్‌ఓ ప్లాంటుకు వచ్చే నీళ్లూ మారతాయి. మీ టీడీఎస్ మీటరే మీకు ఆ సంగతి చెబుతుంది. కాలువలు కట్టేసే వారం ముందే ఆర్‌ఓ మెంబ్రేన్ మార్పించండి, నిల్వ ట్యాంకు నింపుకోండి. ముఖ్యమైన ప్లేట్లు ఆలోపే పూర్తి చేసుకుని, ఆ వారాలు వీడియోలు లెక్కపెట్టడానికి వాడుకోండి. కాలువలు వదిలాక వచ్చే మొదటి ఎర్ర నీళ్లు తేరుకుని మీటరు పాత అంకెకు వచ్చాకే మళ్లీ గుడ్లు పెట్టించండి.